వీధి కమిటీ పెట్టుకునేవాళ్ళకు: పోలీసుల పని ఏది, మన పని ఏది

విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధి మొదట్లోనే నాకు టైలరింగ్ షాపు ఉంది. మిషను గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చుంటాను కాబట్టి వీధిలోకి ఎవరొచ్చినా తలెత్తితే చాలు, కనిపిస్తారు. అందుకే కాబోలు మా సంక్షేమ సంఘం వాళ్ళు భద్రత సంగతి నా మీద పెట్టారు. ఇప్పుడు పాయకాపురం నుంచి, అయోధ్యనగర్ నుంచి కూడా వచ్చి "మీ వీధిలో ఎలా చేశారండీ, మాకూ చెప్పండి" అంటున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

కమిటీ అనగానే చాలామంది విజిళ్ళు, టార్చిలైట్లు, కర్రల లిస్టు రాస్తారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. దొంగతనం, దాడి లాంటివి జరగకుండా ఆపాల్సిన బాధ్యతను చట్టం పోలీసుల మీదే పెట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 168వ సెక్షన్ ఇదే చెబుతుంది: వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరాన్ని తన శక్తి మేరకు ఆపాల్సింది పోలీసు అధికారి. వీధి దీపం వెలిగించాల్సింది కార్పొరేషన్. ఈ రెండూ మనం కట్టే పన్నులతో నడిచేవే. మన దగ్గర మాత్రమే ఉన్నది ఇంకొకటి ఉంది. ఏ ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉంటుందో, ఏ ఇంటికి పండక్కి తాళం పడుతుందో, ఏ మలుపు దగ్గర చీకటో వీధిలో వాళ్ళకే తెలుసు. రోజూ బీటు తిరిగే కానిస్టేబుల్‌కి కూడా అది తెలియదు. తెలిసింది చేరాల్సిన చోటికి చేర్చడం, చేయాల్సినవాళ్ళను కాగితం మీద అడగడం, ఇంతవరకే కమిటీ పని.

2021 చివర్లో చెడ్డీ గ్యాంగ్ భయం గుర్తుండే ఉంటుంది. విజయవాడ చుట్టుపక్కల, తాడేపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో వరసగా దొంగతనాలు జరిగాయి. మనుషులు కనిపించింది అపార్ట్‌మెంట్ల వాళ్ళు పెట్టుకున్న కెమెరాల్లో. ఆ దృశ్యాలు పట్టుకుని గుజరాత్‌లోని దాహోద్ దాకా వెళ్ళి నిందితులను తెచ్చింది పోలీసులు. కెమెరా పెట్టడం మన చేతిలో ఉంది, దాహోద్ వెళ్ళడం మన చేతిలో లేదు. ఏ పని ఎవరిదన్న అనుమానం వచ్చినప్పుడల్లా నేను దీన్నే తలుచుకుంటాను.

మొదటి పని: వీధి పుస్తకం

ఒక పొడుగు నోటు పుస్తకం కొనండి. ఇంటి నంబరు, ఉండేవాళ్ళ పేర్లు, ఫోను నంబరు, వేరే ఊళ్ళో ఉన్న దగ్గర బంధువు నంబరు, ఇంట్లో మంచం పట్టినవాళ్ళో ఒంటరివాళ్ళో ఉంటే ఆ సంగతి. అంతే, అంతకు మించి రాయొద్దు. కులం, మతం, జీతం, ఎవరింటికి ఎవరొస్తారు లాంటివి ఆ పుస్తకంలోకి రానేకూడదు. ఇష్టం లేనివాళ్ళను బలవంతపెట్టకండి. నాలుగు రోజులు పోయాక వాళ్ళే వచ్చి రాయిస్తారు.

పుస్తకం ఇద్దరి దగ్గరే ఉండాలి. ఒకరు ఊళ్ళో లేకపోతే ఇంకొకరు. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలా ప్రమాదం. "మేము సంక్రాంతికి ఊరెళ్తున్నాం, పదిహేనో తారీకు వస్తాం" అని గ్రూపులో పెడితే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన పాత అద్దెవాళ్ళ దాకా అందరికీ తెలుస్తుంది.

ఈ పుస్తకం దొంగల కోసమే అనుకోకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు మా మీదకొచ్చినప్పుడు కింద ఇళ్ళన్నీ మునిగాయి, నా షాపులో మిషన్లు మునిగాయి. పై అంతస్తులో ఉన్న పుస్తకం బతికింది. ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారో పడవల మీద వచ్చినవాళ్ళకు దాన్ని చూసే చెప్పగలిగాం. తాళాలు పడిన ఇళ్ళ మీద మేడలపైన ఉండిపోయినవాళ్ళు కన్నేసి ఉంచారు. ఏది ఎవరిల్లో తెలియబట్టే అది కుదిరింది.

చీకటి మలుపులు

కమిటీలో నలుగురు కలిసి రాత్రి ఎనిమిది తర్వాత వీధంతా ఒకసారి నడవండి. అమావాస్యకు దగ్గరగా నడవండి. వెన్నెల్లో నడిస్తే ఎక్కడ చీకటో తెలియదు. వెలగని దీపం, కొమ్మలు కమ్మేసిన దీపం, వెలిగి ఆరిపోయే దీపం మూడింటినీ విడివిడిగా రాసుకోండి. మూడింటికీ చేయాల్సిన పని వేరు కదా. స్తంభం మీద నంబరు ఉంటే అది, లేకపోతే ఎదురుగా ఉన్న ఇంటి నంబరు రాయండి. "మా వీధిలో దీపాలు వెలగడం లేదు" అని ఫిర్యాదు ఇస్తే ఎవరో వచ్చి వెలిగే దీపాన్ని చూసి వెళ్తారు. వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద తారీకు వేయించి సంతకం తీసుకోండి. వారంలో కదలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అదే కాపీ పట్టుకెళ్ళండి.

మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక సందు ఉంది. రాత్రి గస్తీకి వచ్చే బ్లూ కోల్ట్స్ కానిస్టేబుల్ ఒకసారి షాపు దగ్గర బండి ఆపి, "అమ్మా, ఆ సందులో లైటు లేదు, లోపల ఎవరున్నారో బండి మీద నుంచి కనపడటం లేదు. అక్కడ సీసాలు కూడా పడి ఉంటున్నాయి" అన్నాడు. అదే మాటను మా అర్జీలో "రాత్రి గస్తీ సిబ్బంది గమనించిన విషయం" అని రాశాం. పోలీసుల మాట కార్పొరేషన్‌కి, కార్పొరేషన్ మాట పోలీసులకి చేరవేసేది మనమే. రెండు ఆఫీసులూ ఒకే నగరంలో ఉన్నా వాటంతట అవి మాట్లాడుకోవు.

ఊరెళ్ళేటప్పుడు

సంక్రాంతికి సగం విజయవాడ ఊళ్ళకు పోతుంది. తాళం వేసిన ఇంటిని దొంగ ఎలా గుర్తుపడతాడో ఆడవాళ్ళకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులుంటే ఒక్క గుమ్మం ముందు నేల బోసిగా ఉంటుంది. గేటుకు పేపరు దోపి ఉంటుంది, పాల ప్యాకెట్టు సంచి వేలాడుతుంది, పట్టపగలు బయట లైటు వెలుగుతుంది. కాబట్టి మా వీధిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఊరెళ్ళిన ఇంటి ముందు పక్కింటివాళ్ళు నీళ్ళు చల్లి చిన్న ముగ్గు వేస్తారు, పేపరు తీస్తారు, సాయంత్రం లైటు వేసి పొద్దున ఆపుతారు. గేటుకు బయటివైపు పెద్ద తాళం కనపడకుండా లోపలివైపు వేయిస్తాం. నగలు బ్యాంకు లాకరులో పెట్టుకోమని చెబుతాం. బీరువా తాళం చెవి బీరువా పైనే పెట్టి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

దీనితోపాటు పోలీసుల వైపు నుంచి అందే సేవ ఒకటుంది, ఎల్.హెచ్.ఎం.ఎస్. అంటే తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా. ఏపీ పోలీసుల యాప్‌లో పేరు, చిరునామా నమోదు చేసుకుని, ఊరెళ్ళే తారీకులు పెట్టి నిఘా కావాలని అడిగితే, సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. పండగ ముందు అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి ప్రయాణం ఖాయం కాగానే స్టేషన్‌కి ఒక మాట చెప్పండి. పెద్దవాళ్ళకు యాప్ చేతకాకపోతే ఇంటర్ చదివే పిల్లలకు ఆ పని అప్పగించండి.

ముగ్గు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మెడలో గొలుసులు తెంపుకుపోయేవాళ్ళకు తెల్లవారుజామున వంగి ముగ్గేసే ఆడవాళ్ళు సులువుగా దొరుకుతారు. వీధికి వీపు పెట్టకుండా ఇంటి వైపు వీపు పెట్టి ముగ్గెయ్యండి, కొంగు మెడ చుట్టూ కప్పుకోండి, బండి ఆపి అడ్రసు అడిగేవాడికి దూరంగా ఉండి జవాబు చెప్పండి. జరగకూడనిది జరిగితే వెంటపడొద్దు. బండి రంగు, నంబరులో చివరి అంకెలు, ఏ వైపు పోయాడు, ఈ మూడూ 112కి చెప్పండి.

కెమెరాలు

కెమెరాకు డబ్బు పోగుచేసే ముందు అది ఏం చూడాలో తేల్చుకోండి. వీధిలోకి వచ్చే దారి, పోయే దారి. ఈ రెండూ చాలు. మరీ ఎత్తున పెడితే తలలు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. ఎవరి గుమ్మంలోకీ, ఎవరి పెరట్లోకీ, బట్టలారేసే మేడ మీదకీ కెమెరా చూపు పోకూడదు. బిగించే రోజే చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళను పిలిచి తెర మీద చూపించి, సరేనన్నాకే మేకులు కొట్టించండి. రికార్డింగు పెట్టెను గుమ్మం పక్కన పెట్టొద్దు, దొంగ మొదట దాన్నే ఎత్తుకుపోతాడు. అందులో తారీకు, టైము సరిగ్గా ఉన్నాయో లేదో నెలకోసారి చూడండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు వెంటనే మార్చండి. నెల రోజుల రికార్డింగు నిలిచేలా పెట్టించుకోండి.

దృశ్యాలు పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఎవరికిచ్చాం, ఏ తారీకువి ఇచ్చాం అని పుస్తకంలో రాసి సంతకం తీసుకోవాలి. కోర్టులో పనికి రావాలంటే భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దర్యాప్తు అధికారి అడిగినప్పుడు ఇవ్వడానికి కెమెరా బాధ్యత చూసే మనిషి సిద్ధంగా ఉండాలి. పక్కింటి అమ్మాయి ఎన్నింటికి వచ్చిందో చూద్దామని ఎవరైనా అడిగితే కాదని చెప్పగలిగిన మనిషికే ఆ పని ఇవ్వండి.

వాచ్‌మన్ మీద నెట్టేయొద్దు

మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ అంటే మెట్ల కింద గదిలో కాపురముండే ఒక కుటుంబం. పొద్దున్నే మోటారు వేస్తాడు, కార్లు తుడుస్తాడు, కూరగాయలు తెస్తాడు, ఆయన భార్య నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. ఆ మనిషిని రాత్రంతా మేలుకోమని ఎలా అంటాం? దొంగతనం జరగ్గానే మొదట అనుమానించేదీ ఆయననే. రాత్రి కాపలా కావాలంటే రాత్రికి వేరే మనిషిని, జీతమిచ్చి పెట్టుకోండి. ఏజెన్సీ ద్వారా అయితే ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం ప్రకారం ఆ ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో చూడండి. వాచ్‌మన్ ఫోనులో రీచార్జి అయిపోయి ఉంటే 112కి తప్ప ఇంకెవరికీ ఫోను చేయలేడు. ఆ రీచార్జి ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవాలి.

అనుమానం, దెబ్బలు

కొత్త మనిషి కనపడగానే ఫోటో తీసి గ్రూపులో పెట్టే అలవాటును కమిటీ మొదటి మీటింగులోనే ఆపించాలి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వాట్సాప్ మెసేజిలు తెలుగు రాష్ట్రాల్లో ఎంత పని చేశాయో చూశాం. భాష రానివాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, అడుక్కునేవాళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి.

మన ప్రాంతానికి ఇంకా పాత గాయం ఉంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో ఎరుకలవాళ్ళ కోసం పెట్టిన సెటిల్‌మెంట్. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకను బట్టే మనిషిని దొంగ అన్నది. ఆ చట్టం పోయింది 1952లో. ఊరి పేరు చెబితే ఈ రోజుకీ కొందరికి అద్దె ఇల్లు దొరకడం లేదు. మన వీధి పుస్తకం ఆ చట్టానికి చిన్న తమ్ముడు కాకూడదు. పాత ఇనుము కొనేవాళ్ళు, గంగిరెద్దులవాళ్ళు, బీహారు నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళు బతకడానికి తిరుగుతారు. మనిషిని కాదు, చేస్తున్న పనిని చూడండి. ఇంటి తాళం కదిపి చూస్తున్నాడా, పార్కు చేసిన బండ్ల హ్యాండిళ్ళు ఒక్కొక్కటీ లాగుతున్నాడా, అలాంటిది కనిపిస్తే 112.

దొంగ చేతికి చిక్కాడనుకోండి. మన కళ్ళెదుట పెద్ద నేరం చేసిన మనిషిని పట్టుకునే అధికారం మామూలు పౌరులకూ ఉంది, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 40వ సెక్షన్. ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. స్తంభానికి కట్టేసి కొట్టే అధికారం ఎవరికీ లేదు. కొట్టినవాళ్ళ మీద కేసవుతుంది, మనిషి పోతే అది హత్య. ఒకరు ఫోను చేయండి, ఇద్దరు చుట్టూ ఉన్న కుర్రాళ్ళను వెనక్కి నెట్టండి. మా వీధిలో ఆ ఇద్దరు ఎవరో ముందే చెప్పి ఉంచాం.

"మీకు గుర్తింపు కార్డులిస్తాం, రాత్రులు బండ్లు ఆపి తనిఖీ చేయండి" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్, అంటే పోలీసులకు సాయపడే వాలంటీర్ల పథకం, మంచి ఉద్దేశంతోనే పుట్టింది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీలో చనిపోయిన కేసులో ఆ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలొచ్చాయి, జూలైలో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ఊళ్ళవాళ్ళను దింపిన సల్వాజుడుం కేసులో 2011 జూలైలో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, మామూలు మనుషుల చేతికి తుపాకులిచ్చి ప్రభుత్వం తన బాధ్యత దించుకోవడం రాజ్యాంగ విరుద్ధమంది. అడవిలో తుపాకీకీ మన వీధిలో లాఠీకీ తేడా ఉంది, నిజమే. బాధ్యత చేతులు మారడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంటి లోపలి నేరం

ఇది నేను ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే కమిటీల్లో మగవాళ్ళు దీన్ని భద్రత కింద లెక్కేయరు. జాకెట్టు కొలత తీసుకునేటప్పుడు టేపు చెయ్యి చుట్టూ తిప్పుతాం. భుజం కింద నాలుగు వేళ్ళ అచ్చు కమిలి ఉంటుంది. చేతులు పొడుగ్గా పెట్టమంటుంది ఆ అమ్మాయి, మే నెల ఎండలో. అక్కడ పదిమంది ముందు ఏమీ అడగకూడదు. "సాయంత్రం ట్రయలుకు రామ్మా, ఒక్కదానివే రా" అంటాను. వస్తే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 గురించి, బాధిత మహిళలకు అన్ని సాయాలూ ఒకేచోట అందే వన్ స్టాప్ సెంటర్ గురించి చెబుతాను. ఇప్పుడే ప్రమాదమైతే 112, ఫోనులో ఆడవాళ్ళ కోసం పోలీసులు పెట్టిన శక్తి యాప్. కేసు పెట్టాలో వద్దో ఆమె తేల్చుకుంటుంది. పంచాయితీ పెట్టి మొగుణ్ణి పిలిపించడం కమిటీ పని కానే కాదు, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమె. కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

గంజాయి సంగతీ కొంత ఇలాంటిదే. సందులో కూర్చునే పిల్లలు మన పిల్లలే. వాళ్ళ ఫోటోలు తిప్పొద్దు, తల్లిదండ్రులకు చెప్పండి. అమ్మేవాడి సమాచారం మాత్రం మత్తుమందుల సంగతి చూసే పోలీసు విభాగం ఈగల్ వాళ్ళకు, 1972 నంబరుకు ఫోను చేసి చెప్పండి. సైబరు మోసమైతే డబ్బు పోయిన నిమిషం నుంచే 1930 నంబరుకు ప్రయత్నించాలి. పొద్దున చూద్దామంటే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

స్టేషన్‌తో ఎలా మాట్లాడాలి

నెలకోసారి బీటు కానిస్టేబుల్‌నీ, వీలైతే ఎస్సైగారినీ పిలవండి. రామాలయం అరుగో సచివాలయమో చాలు, శాలువాలు, దండలు వద్దు. ఎవరు ఏం చేస్తామన్నారో, ఎప్పటిలోగా అన్నారో మినిట్స్‌లో రాసి చదివి వినిపించండి. పోలీసులకు పెట్రోలుకనో ఇంకో దానికనో కమిటీ నిధి నుంచి నగదు ఇవ్వొద్దు. కెమెరా కొన్నా బల్బు కొన్నా బిల్లు సంఘం పేరు మీద ఉండాలి. గస్తీ కోసం మేమిచ్చిన అర్జీ ఇలా ఉంది, మీకు కావాల్సినట్టు మార్చుకోండి:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందులో రాత్రి 10 నుంచి 12 మధ్య కొందరు చేరి తాగుతున్నారు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు చుట్టు తిరిగి వస్తున్నారు. ఆ సమయంలో గస్తీ ఆ సందులోకి వచ్చేలా చూడగలరు. వీధి దీపం కోసం కార్పొరేషన్‌కి ఇచ్చిన అర్జీ నకలు జతచేశాం. తీసుకున్న చర్య మా తర్వాతి సమావేశంలో తెలపగలరు."

ఎవరి పేర్లూ అందులో పెట్టలేదు. చోటు, సమయం, అడిగే పని మాత్రమే రాశాం. "శాంతిభద్రతలు కాపాడండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

దొంగతనం జరిగాక ఫిర్యాదు తీసుకోకుండా "మా పరిధి కాదు" అని తిప్పుతారు కొన్నిచోట్ల. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధి కాకపోయినా ఏ స్టేషన్లో అయినా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి, ఫిర్యాదుదారుకు నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును రిజిస్టరు పోస్టులో పై అధికారికి పంపాలి. నగరంలో అయితే కమిషనర్ కార్యాలయానికి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు. ఫిర్యాదుతో వెళ్ళే మనిషి వెంట కమిటీ నుంచి ఇద్దరు వెళ్ళండి. మాట్లాడేది బాధితులే, మీరు పక్కన కూర్చుంటే చాలు. "పోనీ ఫలానా ఆయన దగ్గర సెటిల్ చేసుకుందాం" అని ఎవరో ఒకరు అంటారు. 2020 మేలో పటమట తోటావారి వీధిలో జరిగిన గ్యాంగ్ వార్ వెనక ఉన్నది అలాంటి ఒక ఫ్లాట్ల పంచాయితీయే, ఒక ప్రాణం పోయింది. స్టేషన్‌కి పోవడానికి బద్ధకమైనా, భయమైనా అక్కడికే పోవాలి.

ఎస్సైలు బదిలీ అవుతుంటారు. కొత్తాయన వచ్చిన వారంలోనే మినిట్స్ పుస్తకం, పాత అర్జీల నకళ్ళు పట్టుకుని వెళ్ళి కలవండి. మిగిలిపోయిన పనులు ఏవో చూపించి, ఆ పేజీ కింద ఆయన చేత సంతకం పెట్టించుకుని రండి.